మల్లేశం మగ్గం కింది చప్పుడు

2023 ఎండాకాలం. షోలాపూర్‌ల కుంఠా నాకా కాడ నా దుకాణం. అటొక పవర్‌లూమ్ కారఖానా, ఇటొక పవర్‌లూమ్ కారఖానా, నడుమ నేను. పొద్దుగూకేదాంక టవల్లు నేసే ఆ మగ్గాల అదురుకు నా బల్ల మీది స్క్రూలు వాటంతట అవే జరుగుకుంట జరుగుకుంట ఒక మూలకు చేరుతయి. సాయంత్రం ఏరి డబ్బాల పోస్త. తెల్లారి మళ్ల జరుగుతయి. ఎండ మండే మధ్యాహ్నాలల్ల వాటిని చూస్తుంటే నిద్రల నడిచే మనుషుల లెక్క అనిపిస్తయి.

నేను బడికి పోయింది నాలుగో తరగతి దాంక. ఇంగ్లీషు రేడియో పుస్తకాలల్ల నేర్చుకున్న. ఆ పుస్తకాలు కూడ కొన్నవి కావు. చిత్తు కాయితాల రద్దీల అమ్ముడుపోయి, బజ్జీల లెక్కటి భజియలు కట్టియ్యడానికి వచ్చినవి. నూనె మరకల నడుమ సర్క్యూట్ బొమ్మ ఉంటే భజియలు పక్కకు పెట్టి అది చదివేటోన్ని. మొదలు రేడియోలు బాగు చేసిన. తర్వాత పవర్‌లూమ్ మోటార్ల స్టార్టర్లు. ఇప్పుడు నా దగ్గరికి ఎక్కువ వచ్చేది మెటల్ డిటెక్టర్లు.

పోలీసులు మనిషి ఒంటి మీద తిప్పే రకం కాదు. పొడుగు కర్ర, కర్ర కింద పళ్లెమంత చక్రం, పైన చిన్న తెర. సరదాకు నేలను వెతికే రకం. చెలకల నాగలి బోల్టు పడిపోయిన రైతులు తెస్తరు. పెండ్లి మైదానంల ఉంగరం పోగొట్టుకున్నోళ్లు అద్దెకు అడుగుతరు. ఆదివారం వచ్చిందంటే ఎండిన నది ఇసుకల తిరిగే పిలగాండ్లు, కొనే ముందు రెండు మూడు మిషన్లు తెచ్చి బల్ల మీద పెట్టి, కాకా ఏది మంచిది అని అడుగుతరు. వాటిని పక్కపక్కన పెట్టి పరీక్ష చేసుడే ఇప్పుడు నా పని.

ఆ చక్రాన్ని కాయిల్ అంటరు. అండ్ల రాగి తీగ చుట్ట ఉంటది. అది నేలలకు ఒక అలను పంపుతది. కింద లోహం ఉంటే ఆ అల కొంచెం మారి తిరిగొస్తది. ఆ మార్పును మిషన్ చప్పుడుగ, తెర మీద నంబర్‌గ చెప్తది. ఇనుముకు తక్కువ నంబర్, పలుచటి రేకుకు నడిమి నంబర్, రాగికి వెండికి ఎక్కువ నంబర్. దీన్ని టార్గెట్ ఐడీ అంటరు. సంగతి ఇంతే. కాని డబ్బా మీద ఏం రాస్తరు? పది ఫీట్ల లోతు అని. జానెడు లోతుల పడ్డ రూపాయి బిళ్లను సాఫ్‌గ చెప్పిన మిషన్‌కు నేను దండం పెడుత. పది ఫీట్ల కిందున్న పైసను చూసిన సరదా మిషన్ నా బల్ల మీదికి ఇప్పటిదాంక రాలే. ఒకప్పుడు రేడియో డబ్బా మీద ప్రపంచమంతా వినపడుతదని రాసి అమ్మిండ్రు. ఇంటికి తీస్కపోతే పూణె కూడ సరిగ వినపడకపోయేది. ఇప్పుడు వాళ్ల మనుమలు వీడియోలల్ల నిలబడి కుండల కొద్ది బంగారం అని అరుస్తరు. వాళ్లు మర్చిపోయిండ్రు కావచ్చు. నాకు అంతా యాదికున్నది.

సరే. ఆ ఎండాకాలం జోడ్‌భావి పేట్ నుంచి రమేశ్ వచ్చిండు. నలభైకి దగ్గర పడ్డ మనిషి, స్కూల్ యూనిఫారాలు కుట్టే కారఖానాల బట్ట కత్తిరించే పని. ఆదివారాలు నది ఇసుకల డిటెక్టర్ పట్టుకొని తిరుగుడు ఆయన సరదా. ఆ దినం తనదొకటి, దోస్తులవి రెండు, మొత్తం మూడు మిషన్లు సంచుల తెచ్చి బల్ల మీద పెట్టిండు. ఒకటి చౌకది, ఒకటి నడిమి రకం, ఒకటి ఖరీదుది. పేర్లు రాయను, వాళ్ల ప్రచారం నేనెందుకు చెయ్యాలె.

కొనాలని కాదు కాకా, ఇవి నిజం చెప్తున్నయా లేదా చూడాలె అన్నడు. ఇంట్ల కొత్త బ్యాటరీ ఏసి ఊరికే తిప్పి చూస్తుంటే, తండ్రి కూసొని నేసే మగ్గం పక్కన నేల మోగిందట. దోస్తుల మిషన్లు తెచ్చి చూస్తే అవి కూడ అక్కడనే మోగినయట. మూడింటి నంబర్లూ వెండి దిక్కే. రమేశ్ ముత్తాత కరీంనగర్ దిక్కు నుంచి నడుచుకుంట షోలాపూర్ వచ్చినప్పుడు నడుముకు వెండి రూపాయలు కట్టుకొని వచ్చిండని ఇంట్ల ఒక మాట ఉన్నది. ఆ రూపాయలు ఏమైనయో ఎవరికీ తెల్వదు. ఇంకేముంది, మాట ఒక దిక్కు నుంచి, నంబర్ ఒక దిక్కు నుంచి వచ్చి ఆ మగ్గం కింద కలుసుకున్నయి.

రమేశ్ ఆశపోతు కాదు. ఇంట్లనే రెండు కుట్టు మిషన్లు ఏసుకోవాలని, ఎవరి కిందనో కత్తెర పట్టుడు బంద్ చెయ్యాలని చాలా ఏండ్ల సంది అనుకుంటున్నడు. నేలల పాత నిధి దొరికితే సర్కారుకు చెప్పాలని చట్టం ఉన్నదని చెప్పిన. తల ఊపిండు. చెవులకు పోలేదని నాకు తెలుస్తనే ఉన్నది. తవ్వాలంటే మగ్గం లేపాలె, లేపుదామా అని అడిగిండు. ఇంటికి వచ్చి చూసి చెప్త, అప్పటిదాంక గడ్డపార ముట్టకు అన్న.

మరునాడు పొద్దున్నే ఆయన తండ్రి మల్లేశం వచ్చిండు. మేము చుట్టాలం కాము; ఆయన భార్య లచ్చవ్వ నన్ను అన్నా అని పిలుస్తది కాబట్టి ఆయనకు నేను బావనైన. పేటల గుంట మగ్గం మీద జరీ అంచు చీరలు నేసేటోళ్లు ఇంకా ఒకరిద్దరు మిగిలిండ్రు, అండ్ల ఆయన ఒకడు. గుంట మగ్గమంటే, నేలల గుంట తవ్వి, అండ్ల కాళ్లు పెట్టి, గట్టు మీద కూసొని నేసేది. నాలుగు కట్టెలు నేలల పాతి ఉంటయి. మంచం జరిపినట్టు జరిపేది కాదు.

చాయ్ తాగి గ్లాసు కింద పెట్టి చాలాసేపు నా స్క్రూలనే చూసుకుంట కూసున్నడు. తర్వాత మెల్లగ చెప్పిండు.

"పడుగు మీద సగం చీర ఉన్నది బావా. కట్టెలు పీకితే పోగులు తెగుతయి. తెగిన పోగు అతుకుడు నా పనే, దానికి భయం లేదు. కాని పీకిన మగ్గాన్ని మళ్ల పాతి, కొలత చూసి నిలబెట్టే బలం నాకిప్పుడు లేదు. ఇది లేచిందంటే ఇగ లేచినట్టే."

ఆయన లేచి, మెట్టు దిగి, మళ్ల తిరిగి చూసిండు.

"ఉంటే ఉన్నదని చెప్పు. లేకుంటే లేదని చెప్పు. నడుమ మాట మాత్రం చెప్పకు. నడుమ మాట చెప్తే వాడు తవ్వుతడు."

ఆయన పోయినంక నాకు చేతులాడలే. ఎందుకంటే ఈ పనిల సగం నడుమ మాటలే. మిషన్ ఎప్పుడూ బహుశా అనే అంటది. దాన్ని ఉన్నదనో లేదనో మార్చి చెప్పేది మనిషి.

పరీక్షకు నేను కరెంట్ లేని దినం కోసం ఆగమన్న. పేటల మరమ్మత్తు పేరు మీద ఒక్కొక్క దినం పొద్దంత లైట్ బంద్ పెడుతరు. డిటెక్టర్‌కు అంతకన్న మంచి దినం లేదు. పవర్‌లూమ్ మోటార్లు, ట్యూబ్‌లైట్లు, ఇన్వర్టర్లు నడుస్తుంటే వాటి అలలు కూడ కాయిల్‌ల దూరి మిషన్ ఊరికే గునుస్తుంటది. ముసలోడు నిద్రల మాట్లాడినట్టు మాట్లాడుతది, ఒక్క మాట అర్థం కాదు. సెన్సిటివిటీ, అంటే వినికిడి, తగ్గిస్తే గునుసుడు తగ్గుతది, కాని లోతు చప్పుడు కూడ పోతది.

ఆ దినం నేను పోయేటప్పటికి గల్లీల ఇంకా కరెంట్ ఉన్నది. గడప కాడ నిలబడ్డ. ఒక్కసారి లైట్ పోయింది. గల్లీ మొత్తం మగ్గాలు ఒకటెనక ఒకటి ఆగిపోయినయి. బయటోళ్లు అనుకుంటరు, అంతట్ల చప్పుడు పోయినట్టే అని. పోదు. చెవి ఇంకా కొంతసేపు నేస్తనే ఉంటది. అది మెల్లగ తగ్గి, తగ్గి, ఎప్పుడు ఆగిందో తెల్వకుంట ఆగుతది. అప్పుడు ఇన్ని దినాలు ఎక్కడున్నయో తెల్వని చప్పుళ్లు బయటికొస్తయి. రేకుల మీద పావురాల గోళ్లు. నాలుగిండ్ల అవతల ఎవరో బియ్యం చెరుగుడు. లోపల లచ్చవ్వ తునికాకు కత్తిరించే కత్తెర.

ఆమె గోడకు ఆనుకొని, ఒళ్లె చాట పెట్టుకొని బీడీలు చుడుతున్నది. రా అన్నా, మీ బావను నేలల నుంచి పీకేటందుకు వచ్చినవా, నా వల్ల కాలే, నీ మిషన్‌తోనన్న అయితదేమో చూడు అన్నది. మల్లేశం గుంటల కూసొని నవ్విండు. గడ్డపార అప్పటికే తలుపు మూలకు నిలబెట్టి ఉన్నది.

ఖోలీ, అంటే వాళ్లుండే గది, సగం షాబాద్ ఫర్శి బండలు, మగ్గం చుట్టూ మట్టి అలుకు. పైన పెంకుల నడుమ ఒక అద్దం పెంకు. అండ్లకెళ్లి ఒక వెలుగు పలక సక్కగ పడుగు మీద పడుతున్నది, జరీ అంచు కాడ మాత్రం ఆగి మెరుస్తున్నది. ఆ వెలుగుల సన్నటి దుమ్ము తేలుతున్నది. లోపల అంత చల్లగ, అంత నిశ్శబ్దంగ ఉన్నది, నేను చెప్పులు ఇప్పి మాట్లాడకుంట పని మొదలుపెట్టిన.

మొదట రమేశ్ మిషన్ కాయిల్ కవర్ తీసేసిన. కాయిల్‌కు గీతలు పడకుంట కింద తొడిగే ప్లాస్టిక్ మూత అది. కొన్న దినం నుంచి ఎవరూ దాన్ని తియ్యరు. దానికీ కాయిల్‌కూ నడుమ నది ఇసుక చేరి, అండ్లున్న ఇనుప రజను కాయిల్‌తో పాటే తిరుగుకుంట లేనిపోని చప్పుళ్లు చేస్తది. కవర్ దులిపిన. సగం చప్పుళ్లు పోయినయి. మగ్గం పక్కది పోలే.

మూడు మిషన్లూ తిప్పిన. చౌకది ఒక్కటే గొంతుతోని కీచుమన్నది. నంబర్ ఏది చూపెట్టినా, ఇనుమైనా వెండైనా దానికి అదే పాట. నడిమి రకం ఒకసారి సన్నగ, ఒకసారి లావుగ పలికింది. ఖరీదుదానికి గొంతులెక్కువ, దానికి హెడ్‌ఫోన్ తగిలించి చెవులకు పెట్టుకున్న. హెడ్‌ఫోన్ సోకు కాదు. బయటి చప్పుడు మూసి, లోపలి సన్న చప్పుడును చెవి దగ్గరికి తెస్తది. ఇంకో సంగతి, పెద్ద కాయిల్ తీసి అరచేయంత చిన్న కాయిల్ బిగించిన. పెద్దది మగ్గం కట్టెలకున్న మొలలను కూడ కలుపుకొని మాట్లాడుతది. చిన్నది లోతు తక్కువ చూసినా, కట్టెకూ కట్టెకూ నడుమ దూరి ఒక్కదాన్నే అడుగుతది.

పోల్చి చూసుకోవాలె కద అని, లచ్చవ్వను వెండి కుంకుమ బరిణె అడిగి తీసుకున్న. ఇస్తనే, జాగ్రత్త అన్నా, ఈ ఇంట్ల మీ బావ నేసింది కాకుంట కొని తెచ్చింది అదొక్కటే అన్నది. దాన్ని ఒక మట్టి బుట్టల పాతి చిన్న కాయిల్ తిప్పిన. చప్పుడు టక్కున మొదలైంది, టక్కున ఆగింది. ఎటు నుంచి తిప్పినా నంబర్ ఒక్కటే. గట్టి లోహానికి అంచు ఉంటది, గుడ్డకు అంచున్నట్టే.

మళ్ల మగ్గం పక్కకు వచ్చిన. ఇక్కడి చప్పుడుకు అంచు లేదు. ఎక్కడ మొదలైందో చెప్పలేను. మంచు లెక్క వచ్చి, కొంచెం గట్టిపడి, మళ్ల మంచు లెక్క పోయింది. తూర్పు పడమర తిప్పితే వెండి నంబర్. ఉత్తర దక్షిణం తిప్పితే రేకు నంబర్. కండ్లు మూసుకొని విన్న. సగం నిద్రల ఉన్నప్పుడు పక్క ఖోలీల ఆడోళ్లు మాట్లాడుకుంటుంటే ఎట్లుంటది? మాటలు తెల్వయి, గొంతులు తెలుస్తయి. అట్లున్నది. ఒక గడియ నాకు ఆ నేల కింద ఇంకో ఖోలీ ఉన్నదని, అండ్ల కూడ ఎవరో కూసొని పని చేసుకుంటున్నరని అనిపించింది. హెడ్‌ఫోన్ తీసేసిన.

"సాఫ్ చెప్పు కాకా. ఉన్నదా, లేదా?" రమేశ్ అడిగిండు.

మల్లేశం నా దిక్కే చూస్తున్నడు. పేక పోగు ఏసే నాడె చేతిలనే ఉన్నది.

ఏం చెప్పాలె? రూపాయల కుప్ప కాదని చెప్పగలను. ఏందో ఒక లోహం ఉన్నదని కూడ చెప్పగలను. కాని ఒక లోహం పైన పరుచుకొని ఉంటే దాని కింది లోహం మిషన్‌కు వినపడదు. దీన్ని మాస్కింగ్ అంటరు. కాబట్టి దాని కింద ఏం లేదని నేను ఎట్ల అంటా? ఉన్నదున్నట్టు అదే చెప్పిన.

మల్లేశం తల వంచి నాడె పక్కకు పెట్టిండు. "నడుమ మాటే చెప్పినవ్ బావా" అన్నడు. కోపం లేదు గొంతుల. కోపముంటే నాకు నయముండేది.

రమేశ్ గడ్డపార దిక్కు పోయిండు. నాకు ఒళ్లు మండింది. ఆయన మీద కాదు. నాకు తెల్వదు అని ఒక్క డబ్బా మీదన్న రాస్తరా? మూడు డబ్బాలల్ల ఒక్కదాని మీదన్న ఉన్నదా ఆ మాట? ఆగు అన్న. కొంచెం గట్టిగనే అన్న.

ఆగుమన్ననే గని ఏం చెయ్యాలో అప్పటికి తెల్వదు. కింద కూసొని మల్లేశం కాళ్ల దిక్కు చూసిన. గుంటల ఆయన మోకాళ్లు, తొక్కుడు కట్టెలు, వాటెనక మట్టి గోడ. అప్పుడు తట్టింది. మేమందరం నిలబడి పైనుంచి వింటున్నం. ఆయన ఒక్కడే నేల లోపల కూసున్నడు. ఆ గుంట గోడ అంటే నేలను నిలువుగ కోసినట్టే కద. పైనుంచి తవ్వాల్సిన పనేముంది, పక్కనుంచి అడుగొచ్చు.

సంచిల నుంచి పిన్‌పాయింటర్ తీసిన. గాజరగడ్డంత, అంటే క్యారెట్ అంత ఉంటది, చేతిల పట్టుకొని ఎక్కడ ఉన్నదో వేలు పెట్టి చూపెట్టినట్టు చూపెట్టే చిన్న డిటెక్టర్. పెద్ద మిషన్ ఇల్లు చూపెడితే ఇది తలుపు చూపెడుతది. నా మోకాళ్లు గుంటలకు దిగేటట్టు లేవు. మల్లేశంకే ఇచ్చిన. ఆయన అద్దాన్ని పట్టుకున్నంత జాగ్రత్తగ పట్టుకొని కట్టెల నడుమకెళ్లి గోడ పొంటి తిప్పిండు. ఎడమ మోకాలు పక్కకు రాంగనే అది చేతిల కొట్టుకున్నది.

ఆయన దాన్ని గట్టు మీద పెట్టిండు. తర్వాత రెండు చేతులు గట్టు మీద ఆనించి పైకి లేచి, కొడుకును పిలిచిండు.

"నువ్వు దిగు."

రమేశ్ నా దిక్కు చూసిండు, తల్లి దిక్కు చూసిండు. చిన్నప్పటి నుంచి ఆ గుంటల కాలు పెడితే తిట్లు తిన్న మనిషి. ప్యాంటు పైకి మడిచి మెల్లగ దిగి తండ్రి కూసునే చోట కూసున్నడు. మట్టి గీకే చిన్న ఖుర్పీ ఇచ్చిన. అలుకు మీద అలుకు, పొరలు పొరలుగ లేచింది. జానెడు లోపల గోడల ఒక గూడు లెక్క ఉన్నది. అండ్లకెళ్లి నిమ్మకాయంత ఉండ ఒకటి వచ్చి ఆయన అరచేతిల పడ్డది. దానెనక ఇంకోటి. దానెనక ఇంకోటి.

జరీ.

నేయంగ తెగిన జరీ కొసలు. ఏరి, ఉండ చుట్టి, తెల్ల నూలు పోగుతోని కట్టి, ఆ గూట్ల కుక్కిండ్రు. రాగి తీగను వెంట్రుక కన్న సన్నగ లాగి, వెండి పూత పూసి, దారం చుట్టూ చుడితే అది జరీ అయితది. ఏండ్ల కొద్ది మట్టిల ఉండి పచ్చగ, నల్లగ అయినయి, కాని గోరుతోని గీకితే లోపల ఇంకా మెరుస్తున్నయి. మిషన్ అబద్ధం చెప్పలే. వెండి అన్నది, వెండి ఉన్నది. రేకు అన్నది, రేకంత పలుచననే ఉన్నది. వేల కొసలు ఒకదాన్నొకటి పట్టుకొని ఉన్నయి కాబట్టి ఎటు తిప్పితే అటు మాట మార్చింది. కరిగిస్తే చెంచాడు కూడ రాదు. కాని చెవికి మాత్రం గోడంత పెద్ద చప్పుడు.

లచ్చవ్వ చాట పక్కకు పెట్టి లేచొచ్చింది. ఒక ఉండ తీసుకొని ముడి చూసింది.

"ఇవి మా అత్తవి" అన్నది. "నేను కొత్తగ వచ్చినప్పుడు చీపురు పట్టంగనే మొత్తుకునేది. జరీ ముక్క చీపురు కిందికి రావద్దు, ఏరి నా చేతికియ్యి అని. ఇచ్చేదాన్ని. ఏం చేసేదో ఎన్నడు అడుగలే."

"మరి ఇన్ని దినాలు చెప్పకపోతివి అవ్వా" అన్నడు రమేశ్ తల్లితోని.

"నన్నెవరు అడిగిండ్రు రా? మూడు మిషన్లు తెచ్చి మిషన్లను అడిగినవ్. ఈ ఖోలీ దినాం ఊడిచేది నేను."

ఆ మాట నాకు కూడ తగిలింది. పొద్దటి నుంచి ఆమె పక్కనే కూసొని బరిణె అడిగిన, చాయ్ అడిగిన, ఇది మాత్రం అడుగలే.

మల్లేశం గట్టు మీద కూసొని ఒక ఉండ ఇప్పుతున్నడు. తల్లి దసరాకు ముందు గుంట లోపల అలికేదట. ఆమె తప్ప ఎవరినీ అలకనియ్యకపోయేదట. జరీ కండెలు చుట్టేది కూడ ఆమెనే. తండ్రి నేస్తుంటే పక్కన కూసొని కొసలు ఏరేది. జరీ ఇంటి లచ్చిమి, గడప దాటించొద్దు అని ఆమె పట్టు. ఉండల నడుమ అక్కడక్కడ పట్టు పోగులు కూడ చిక్కుకొని ఉన్నయి, రంగు ఇంకా పోలే. ఒక చిలకపచ్చ పోగును వెలుగు కింద పట్టి చాలాసేపు చూసిండు.

"ఏ చీరది బాపూ?" రమేశ్ గుంటల నుంచి అడిగిండు.

మల్లేశం కొడుకు దిక్కు చూసిండు. ఆ ఖోలీల అట్లాంటి ప్రశ్న చాలా ఏండ్ల సంది ఎవరూ అడిగినట్టు లేదు. ఇది మీ తాత నేసింది, అంచుకు చిలకలు ఉండేటివి, నేను అప్పుడు కండెలు అందించేటోన్ని అని మొదలుపెట్టిండు. అద్దం పెంకు వెలుగు పడుగు మీద నుంచి జరిగి రమేశ్ చేతుల మీదికి వచ్చింది.

కాని నా పని ఇంకా అయిపోలే. గూడు ఖాలీ అయినంక పిన్‌పాయింటర్‌ను మొత్తం గోడ పొంటి తిప్పించిన. చేతిల కదలలే. పైనుంచి చిన్న కాయిల్ తిప్పిన, తర్వాత పెద్దది కూడ బిగించి తిప్పిన. ఖరీదు మిషన్, నడిమి రకం, చౌకది. మగ్గం మొలలు తప్ప ఏమీ మాట్లాడలే. పైన కప్పింది పోయింది కాబట్టి ఇప్పుడు ఆ నిశ్శబ్దాన్ని నమ్మొచ్చు. హెడ్‌ఫోన్ తీసి మెడకు ఏసుకున్న.

"లేదు" అన్న మల్లేశం దిక్కు చూసి.

ఆయన నాడె మళ్ల చేతిలకు తీసుకున్నడు. రమేశ్ మాత్రం కొంతసేపు గుంటలనే కూసున్నడు. ఆయన కుట్టు మిషన్లు ఆయన కండ్ల ముందటనే వచ్చి పోతున్నయని నాకు తెలుస్తున్నది. అనుకోకుంట కాలు తొక్కుడు కట్టె మీద పడ్డది. ముందట పడుగు రెండుగ విడిపోయి నోరు తెరిచింది. ఆయన ఉలిక్కిపడి కాలు తీసిండు.

"చెప్పులు ఇప్పినవా?" మల్లేశం అడిగిండు.

"ఇప్పిన బాపూ."

"మరి కాలు ఎందుకు తీసినవ్."

రమేశ్ మళ్ల కాలు పెట్టిండు. మెల్లగ తొక్కిండు. నేయలే, ఏమీ చెయ్యలే. ఒకసారి ఇది, ఒకసారి అది తొక్కి చూసిండు. తర్వాత పైకొచ్చి, చేతులు దులుపుకొని, గడ్డపార తీసుకపోయి పక్కింటోళ్లకు ఇచ్చి వచ్చిండు. మగ్గం సంగతి మళ్ల ఎవరూ ఎత్తలే.

లచ్చవ్వ అప్పటికే మట్టి కలుపుతున్నది. ఉండలు ఒక్కటొక్కటే మళ్ల గూట్ల పెడుతుంటే నాకు నోరు ఆగలే. అన్నలెక్క కాదు, మిషన్ పని చేసేటోనిగ చెప్పిన: మళ్ల అక్కడనే పెడితే రేపు ఇంకెవడన్న మిషన్ తెస్తే మళ్ల మోగుతది గదమ్మా అని.

"మోగనీ అన్నా" అన్నది, చెయ్యి ఆపకుంట. "ఇప్పుడు ఏందో తెలుసు కద."

సగం చీర మొత్తమైంది. ఆ పడుగు అయిపోయినంక రమేశే ఇంకో పడుగు భుజం మీద ఏసుకొని తెచ్చిండని విన్న. కుట్టు మిషన్ ఒకటి పాతది దొరికితే ఫర్శి దిక్కు గోడకు ఏసుకున్నడు. మగ్గానికి అడ్డం రాదు. ఆదివారాలు నదికి ఇంకా పోతడు. ఆయన మిషన్‌కు కాయిల్ కవర్ లేదిప్పుడు, ఆ ఒక్క మాటన్న విన్నడు.

ఆ ఇంటికి పోయొచ్చినంక నేను పని చేసే తీరు మారింది. ఇంతకు ముందు ఎవరన్న పిలిస్తే పోంగనే కాయిల్ బిగించి, బ్యాటరీ చూసి, గ్రౌండ్ బ్యాలెన్స్ చేసేటోన్ని, అంటే ఆ నేల గుణానికి మిషన్‌ను సరిజేసుకునుడు. ఇప్పుడు సంచి ఇప్పకముందే ఒక ప్రశ్న అడుగుత. ఈ ఇల్లు, ఈ వాకిలి ఊడిచేది ఎవరు, వాళ్లను పిలువుండ్రి అంట. చానామంది నవ్వుతరు. ముసలోనికి మిషన్ చేతకాక ముచ్చట్లు పెడుతున్నడు అని నాకు వినపడేటట్టే అన్నోళ్లు కూడ ఉన్నరు. అననీ. ఊడిచేటోళ్లు మాత్రం ఎన్నడూ నవ్వలే. చీపురు గోడకు ఆనించి, కొంగుతోని చేతులు తుడుచుకొని, నన్ను కూసోమని చెప్పి, వాళ్లు కూడ కూసుంటరు.